చిన్న కారు మైలేజ్ ఉన్నట్టుండి పడిపోతే: తప్పు ఎక్కడుందో దశలవారీగా పట్టుకోవడం

పోయిన నెల దాకా లీటరుకు 18 ఇచ్చిన బండి ఇప్పుడు 14 ఇస్తోంది. ఇంజన్ చప్పుడులో తేడా లేదు, డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు, పికప్ కూడా బాగానే ఉంది. షెడ్డుకు తీసుకెళ్తే ముందు ప్లగ్గులు మార్చమంటారు, తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్, ఆపైన ఆక్సిజన్ సెన్సర్. ఇవన్నీ అయ్యాక కూడా అంకె 14 దగ్గరే నిలబడి ఉంటుంది. ఎందుకంటే తప్పు ఇంజన్లో లేదు, వెనక చక్రం డ్రమ్ములో పట్టేసిన బ్రేకులో ఉంది.

పెట్రోలు ఎక్కువ తాగడానికి కారణాలు ముప్పై దాకా ఉండొచ్చు గానీ అన్నీ మూడు కుప్పల్లోకి వస్తాయి. ఒకటి, బండి బాగానే ఉంది, లెక్కో వాడకమో మారింది. రెండు, ఇంజన్ సరిగ్గానే మండిస్తోంది కానీ బండి కదలడానికే ఎక్కువ బలం పడుతోంది. మూడు, ఇంజన్ అవసరానికి మించి పెట్రోలు పోసుకుంటోంది. మీ బండి ఏ కుప్పలో ఉందో తేలేదాకా ఒక్క విడిభాగం కూడా కొనకండి. కింద చెప్పిన వరుస దానికోసమే: ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పాల్సినవి చివర.

ఇది 800 నుంచి 1200 సీసీ పెట్రోలు ఇంజన్, మాన్యువల్ గేర్లు ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆల్టో, వ్యాగనార్, సెలేరియో, క్విడ్, ఐ10, టియాగో వంటివన్నీ ఇందులోకే వస్తాయి.

దశ 1: అంకె నిజమేనా?

లో-ఫ్యూయల్ లైటు వెలిగినప్పుడు వెయ్యి రూపాయలకు కొట్టించి, మళ్లీ లైటు వెలిగేదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసుకోవడం చాలామందికి అలవాటు. ట్యాంకులో ఫ్లోట్ ఊగుతూ ఉంటుంది. బండి కొంచెం వాలులో ఉన్నా ఆ లైటు ముందో వెనకో వెలుగుతుంది. వెయ్యికి వచ్చేది 9 లీటర్ల చిల్లర. అందులో ఒక లీటరు అటూ ఇటూ అయితేనే 11 శాతం తప్పు. ఆ లెక్క మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

సరైన పద్ధతి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా కొలవడం. ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే దిక్కులో. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగి, అదే పంపు దగ్గర మళ్లీ మొదటి టక్కు దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. రెండు నింపుళ్ల మధ్య అర లీటరు తేడా రావడం మామూలే. 5 లీటర్ల మీద అది 10 శాతం తప్పు, 20 లీటర్ల మీద 2.5 శాతమే. అందుకే దూరం ఎక్కువ ఉండాలి. ఇలా రెండు ట్యాంకులు చూశాకే తగ్గిందని ఖాయం చేసుకోండి.

మొదటి టక్కు దగ్గర ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. చిల్లర లేదని రౌండ్ ఫిగర్ కోసం గొంతు దాకా నింపితే, పెట్రోలు ఆవిరిని పట్టుకోవాల్సిన బొగ్గు క్యానిస్టర్‌లోకి పెట్రోలే దిగుతుంది. ఆ తర్వాత అది పర్జ్ వాల్వు (క్యానిస్టర్ ఆవిరిని ఇంజన్లోకి వదిలేది) దారిన ఇంజన్లోకి పోయి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది, అంటే అందులో పెట్రోలు పాలు పెంచుతుంది. అంటే మైలేజ్ కొలవబోయి మైలేజ్ పాడుచేసుకున్నట్టవుతుంది.

మీ బండిలో సగటు మైలేజ్ చూపే డిస్‌ప్లే ఉంటే ఆ అంకెనూ పక్కన రాయండి. ఇది చాలామంది వదిలేసే మంచి ఆధారం. డిస్‌ప్లే పెట్రోలును కొలవదు. ఇంజెక్టర్లను ఎంతసేపు తెరవమని కంప్యూటర్ చెప్పిందో దాన్ని కూడి లెక్క కడుతుంది. మామూలుగా అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. డిస్‌ప్లే, ట్యాంకు లెక్క రెండూ కలిసి పడిపోతే ఇంజన్ నిజంగానే ఎక్కువ అడుగుతోందని అర్థం. డిస్‌ప్లే పాత అంకె దగ్గరే ఉండి ట్యాంకు లెక్క ఒక్కటే పడిపోతే, కంప్యూటర్‌కు తెలియకుండా పెట్రోలు పోతోంది: కారే ఇంజెక్టర్, ఎక్కువైన ఫ్యూయల్ ప్రెషర్, ఎక్కడో లీకు, దొంగతనం, లేదా బంకులో తక్కువ కొలత. బంకు మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో కొట్టి చూపించమని అడగండి. ప్రతి బంకులో ముద్ర వేసిన పాత్ర ఉండాలి, అడగడం వినియోగదారుడి హక్కు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు, అంతకు మించితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

ఇక కిలోమీటర్ల వైపు. టైర్లు మార్చాక మైలేజ్ పడిపోయిందంటే ముందు ఓడోమీటర్‌ను అనుమానించండి. కంపెనీ ఇచ్చిన 145/80 ఆర్13 టైరు వ్యాసం సుమారు 562 మిల్లీమీటర్లు. అందంగా ఉంటుందని 155/80 ఆర్13 వేయిస్తే అది 578 అవుతుంది. చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.8 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. 300 కిలోమీటర్లు తిరిగితే 292 అని చూపిస్తుంది. సైజు మార్చకపోయినా ఇదే జరుగుతుంది: అరిగిపోయిన టైరు వ్యాసం కొత్తదాని కంటే 12 మిల్లీమీటర్ల దాకా తక్కువ, అంటే పాత టైర్ల మీద మీటరు రెండు శాతం ఎక్కువ చూపిస్తూ వచ్చింది. కొత్తవి వేయగానే ఆ బోనస్ పోయింది. దానికి తోడు కొత్త టైరు నిండు రబ్బరుతో కొంచెం బరువుగా దొర్లుతుంది. సరిచూసుకోవడానికి హైవే మీద 20 కిలోమీటర్లు ఫోన్ జీపీఎస్‌తో మీటరును పోల్చితే చాలు.

దశ 2: వాడకం మారిందా? ఈ20 సంగతేమిటి?

చిన్న ఇంజన్ నిలబడి తిరుగుతుంటే గంటకు అర లీటరు నుంచి, ఏసీతో కలిపి, 0.8 లీటరు దాకా తాగుతుంది. ఇది చిన్నదిగానే కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే తెలుస్తుంది. ఆఫీసు 12 కిలోమీటర్లు, మైలేజ్ 16 అనుకుందాం. ఒక ట్రిప్పుకు 0.75 లీటరు. దారిలో ఫ్లైఓవర్ పనులు మొదలై ప్రయాణం 20 నిమిషాలు పెరిగిందనుకోండి, ఏసీ వేసుకుని ఆగి ఉన్న ఆ 20 నిమిషాలకు 0.27 లీటరు అదనం. మొత్తం 1.02 లీటరు, మైలేజ్ 11.8. బండిలో ఒక్క నట్టు కూడా వదులు కాకుండానే 16 కాస్తా 12 లోపు పడిపోయింది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లేవాళ్లకైనా, బెంజ్ సర్కిల్ దాటి పోయేవాళ్లకైనా ఈ లెక్క ఒకటే.

అలాగే మే నెల అంకెను డిసెంబరుతో పోల్చకండి. పోయిన మేతో పోల్చండి. స్కూలు దగ్గరకు మారి రోజూ రెండు కిలోమీటర్ల ట్రిప్పులు మొదలైతే ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోతోంది, చల్లని ఇంజన్‌కు చిక్కటి మిశ్రమం కావాలి. కంపెనీ బ్రోచరులోని అంకెతో అసలే పోల్చవద్దు, అది ల్యాబులో రోలర్ల మీద వచ్చింది.

ఇథనాల్ గురించి. లీటరు ఇథనాల్లో లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండొంతులే ఉంటుంది. కాబట్టి 20 శాతం కలిపిన ఈ20తో మైలేజ్ తగ్గడం నిజమే. 2021లో నీతి ఆయోగ్ తరఫున వచ్చిన ఇథనాల్ రోడ్‌మ్యాప్ నివేదిక, మామూలు పెట్రోలు కోసం డిజైన్ చేసి ఈ10కు (10 శాతం ఇథనాల్) సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం డిజైన్ చేసి ఈ20కు సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. పెద్ద అంకెనే తీసుకున్నా 18 ఇచ్చే బండి 16.7 దగ్గర ఆగాలి. 14కు దిగిందంటే ఈ20ని తిట్టుకుని ఊరుకోకండి, ఇంకేదో ఉంది.

దశ 3: పడిపోవడానికి ముందు ఏం జరిగింది?

సర్వీసు బిల్లులు ముందేసుకోండి. మైలేజ్ తగ్గడానికి ముందు వెయ్యి కిలోమీటర్లలో బండి మీద ఎవరు ఏ పని చేశారో రాయండి. బ్రేకు పని చేశాక తగ్గితే నేరుగా దశ 4కు వెళ్లండి. కూలెంట్ పనో, హీటెక్కిన రిపేరో అయ్యాక తగ్గితే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వని వాల్వు) చూడండి. ఆయిల్ మార్చాక తగ్గితే గ్రేడు చూడండి: మాన్యువల్లో 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో ఉన్న ఇంజన్లో చిక్కగా ఉంటేనే మంచిదని 20డబ్ల్యూ-50 పోసే షెడ్లు ఇంకా ఉన్నాయి. డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ ఉన్నా నష్టమే.

దశ 4: బండి తేలిగ్గా దొర్లుతోందా?

ముందు గాలి. డ్రైవరు డోరు స్తంభం మీద స్టిక్కరులో ఉన్న అంకె ప్రకారం, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చాలా చిన్న కార్లలో అది 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య ఉంటుంది. ఎండలో తిరిగొచ్చి వేడి టైర్లకు గాలి సరిచేయిస్తే మర్నాటి ఉదయానికి మూడు నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. అయితే నాలుగు టైర్లలో ఐదేసి పాయింట్లు తక్కువున్నా పోయేది ఒకటి రెండు శాతమే. టైరు అరుగుదలకీ బ్రేకింగ్‌కీ గాలి ముఖ్యం. కానీ 18 నుంచి 14 పడటానికి గాలి ఒక్కటే జవాబు కాదు.

ఆ స్థాయి నష్టం తేగలిగేది పట్టేసిన బ్రేకు. దీన్ని తీరిగ్గా పరీక్షించండి.

సమతల ప్రదేశంలో బండిని న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి తోయండి. ఇంత చిన్న కారును ఒక్క మనిషి కదిలించగలగాలి. తర్వాత 8 నుంచి 10 కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, చివర్లో యాక్సిలరేటర్ వదిలేసి వేగం దానంతటదే తగ్గనిచ్చి ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే డిస్కు, డ్రమ్ము మధ్యభాగం మీద కొలవండి. లేకపోతే అరచేతిని చక్రానికి రెండంగుళాల దూరంలో ఉంచి సెగ చూడండి, ముట్టుకోవద్దు. ముందు చక్రాలు వెనకవాటి కంటే వేడిగా ఉండటం సహజం. చూడాల్సింది ఎడమ, కుడి తేడా. ఒకే ఇరుసు మీద 25, 30 డిగ్రీల తేడా వచ్చినా, ఒక చక్రం దగ్గర కాలిన వాసన వచ్చినా దొరికినట్టే. రెండు వెనక చక్రాలూ సమానంగా కాగిపోతుంటే హ్యాండ్‌బ్రేక్ కేబులు.

హ్యాండ్‌బ్రేక్ కథ దాదాపు ప్రతి షెడ్డులోనూ ఒకేలా ఉంటుంది. షూలు అరిగి లివరు బాగా పైకి లేస్తోందని చెప్తే, డ్రమ్ము విప్పి షూలను సర్దకుండా క్యాబిన్లోనే కేబుల్ నట్టు బిగించి పంపేస్తారు. లివరు రెండు క్లిక్కులకే పట్టేస్తుంది, ఓనరుకు తృప్తిగా ఉంటుంది. కానీ షూలు డ్రమ్మును రోజంతా రాసుకుంటూనే ఉంటాయి. లివరు పూర్తిగా దించినప్పుడు కేబులు కొంచెం వదులుగా ఉండాలి. నాలుగు నుంచి ఏడు క్లిక్కుల మధ్య బండి ఆగితే చాలా మోడళ్లకు సరిపోతుంది, కచ్చితమైన అంకె మీ మాన్యువల్లో ఉంటుంది.

చక్రం ఎత్తి చూసేటప్పుడు గట్టి నేల మీద ముందు చక్రాలకు చెక్క ముక్కలు అడ్డం పెట్టి, మొదటి గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. చేత్తో తిప్పితే రెండు చుట్లయినా తేలిగ్గా తిరగాలి. సన్నటి రాపిడి చప్పుడు ఫరవాలేదు. ఇప్పుడు ఒకరు బ్రేకు పెడల్ రెండుసార్లు గట్టిగా తొక్కి వదలాలి, వెంటనే మళ్లీ తిప్పి చూడండి. ముందు తేలిగ్గా తిరిగింది ఇప్పుడు బిగుసుకుని, కాసేపటికి వదులైతే బ్రేకు నూనె వెనక్కి రావడంలేదు. బ్లీడర్ నిప్పల్ (బ్రేకు నూనెలోని గాలి తీసే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయగానే చక్రం విడిపోతే లోపల ఉబ్బిపోయిన రబ్బరు హోసు గానీ మాస్టర్ సిలిండర్ గానీ కారణం. నిప్పల్ తెరిచినా విడవకపోతే తుప్పుపట్టిన వీల్ సిలిండరో, స్ప్రింగో, కేబులో. ఈ ఒక్క పరీక్ష అనవసరంగా నాలుగు భాగాలు మార్చడాన్ని ఆపుతుంది. నిప్పల్ తెరిచాక గాలి తీసే పని తెలిసినవాళ్లే దగ్గరుండాలి.

ముందు డిస్కు బ్రేకుల్లో మామూలు దోషి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారే పిన్నులు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికీ, వానాకాలం నీళ్లలో నడిచిన బండ్లకూ ఇది త్వరగా వస్తుంది. కాలిపర్ విప్పినప్పుడు పిన్ను వేళ్లతో జరగాలి. ఒకే చక్రంలో ఒక ప్యాడ్ 7 మిల్లీమీటర్లు, జతది 3 ఉంటే పిన్ను పట్టేసిందనో, పిస్టన్ వెనక్కి పోవట్లేదనో రాసిచ్చినట్టే. శుభ్రం చేశాక బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజే పెట్టాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి రెండు నెలల్లో మళ్లీ పట్టేస్తుంది.

ఇదే దశలో వీల్ బేరింగు మోత, అలైన్‌మెంట్ చూసేయండి. టైరు గట్టు మీద అడ్డంగా అరచేయి రాస్తే ఒక వైపుకు నున్నగా, ఇంకో వైపుకు రంపంలా తగిలితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది. క్లచ్ కోసం మూడో గేరులో 40 వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజన్ రొద పెరిగి వేగం దాని వెంట రాకపోతే క్లచ్ జారుతోంది. రూఫ్ క్యారియరు వాడకపోతే విప్పేయండి.

దశ 5: ఇంజన్ ఏమంటోంది?

2013 తర్వాతి బీఎస్4 కార్లలో, బీఎస్6 కార్లన్నిటిలో స్టీరింగు కింద ఓబీడీ సాకెట్ (ఇంజన్ కంప్యూటర్‌కు స్కానరు తగిలించే చోటు) ఉంటుంది. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టరు, ఫోన్లో టార్క్ లాంటి యాప్ ఉంటే ఇంజన్ కంప్యూటర్ చూస్తున్న అంకెలన్నీ మనమూ చూడొచ్చు. లైటు వెలగకపోయినా లోపల పెండింగు కోడ్ (ఇంకా ఖాయం కాని తప్పు గుర్తు) ఉండొచ్చు, ముందు అది చదవండి. చదవకుండా చెరిపేయవద్దు.

చూడాల్సిన మొదటి అంకె లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. సైలెన్సర్ పైపులో పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ తన మూల లెక్కకు ఎంత శాతం కలుపుతోందో, తీసేస్తోందో ఇది చెప్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఒకసారి ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా), ఒకసారి 2500 ఆర్పీఎం దగ్గర నిమిషం సేపు చూసి రాయండి. రెండు చోట్లా సున్నాకు అటూ ఇటూ 5 లోపు ఉంటే, ఆక్సిజన్ సెన్సర్ కూడా చురుగ్గా ఊగుతుంటే, మిశ్రమం సరిగ్గానే ఉంది. ఇక ప్లగ్గులూ ఇంజెక్టర్లూ వదిలేసి దశ 4కే తిరిగి వెళ్లండి. ఈ20 పోసిన పాత బండ్లలో ఇథనాల్‌కు గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ కావాలి కాబట్టి ట్రిమ్ 4 నుంచి 9 దాకా ప్లస్‌లో ఉండటం సహజం. దాన్ని జబ్బుగా చూడకండి.

ట్రిమ్ మైనస్ 10 దాటి ఉంటే ఎక్కడినుంచో అదనపు పెట్రోలు వస్తోంది, కంప్యూటర్ కోసేస్తోంది. ఐడిల్లో బాగా మైనస్, 2500 దగ్గర మామూలుగా ఉంటే కారే ఇంజెక్టరో, తెరుచుకుపోయిన పర్జ్ వాల్వో. పర్జ్ వాల్వును విప్పి, కరెంటు కనెక్టరు లేకుండా నోటితో ఊదితే గాలి పోకూడదు, పోతే మార్చేయండి. రెండు చోట్లా మైనస్ ఉంటే ఫ్యూయల్ ప్రెషర్, మ్యాప్ సెన్సర్ (ఇంజన్లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచేది) చూడాలి. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్లో పెట్రోలు కలిసి ఉంటే, ఆ ఆవిరే మళ్లీ ఇంజన్లోకి పోయి కొలతను చెడగొడుతుంది. ముందు ఆయిల్ మార్చి అప్పుడు కొలవండి.

ట్రిమ్ ప్లస్ 12, 15 ఉంటే కథ తిరగబడుతుంది. ఐడిల్లో ఎక్కువగా ఉండి 2500 దగ్గర తగ్గితే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది: చిట్లిన వ్యాక్యూమ్ గొట్టం, పీసీవీ హోసు (ఇంజన్ అడుగు ఆవిరిని మళ్లీ లోపలికి పంపే గొట్టం), ఇంజన్లోకి గాలి పంచే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు అందట్లేదు. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సర్ పైపులో చిన్న పగులు ఉన్నా సెన్సర్‌కు బయటి గాలి తగిలి, మిశ్రమం పలచగా ఉందని అబద్ధం చెప్తుంది. కంప్యూటర్ దాన్ని నమ్మి నిజంగానే ఎక్కువ పోస్తుంది. మైలేజ్ పడిపోయే దారుల్లో ఇది అసలు కనిపించనిది. పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ మని వినిపిస్తుందేమో చెవి పెట్టండి.

మ్యాప్ సెన్సర్‌కు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా దాని అంకె చూడండి. అది ఆ ఊరి వాతావరణ పీడనమే కావాలి. విజయవాడ, విశాఖల్లో దాదాపు 100 కిలోపాస్కల్స్, సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనున్న హైదరాబాద్‌లో 95 చుట్టూ. హైదరాబాద్‌లో 103 చూపిస్తుంటే ఆ సెన్సర్ గాలి ఎక్కువుందని చెప్పి పెట్రోలు ఎక్కువ పోయిస్తోంది.

థర్మోస్టాట్: మన దగ్గర ఎక్కువగా జరిగేది

రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే స్టార్ట్ చేయకముందు కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత రెండూ చదవండి. మధ్యలో నాలుగైదు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. బయట 28 ఉంటే కూలెంట్ సెన్సర్ 5 అని చూపిస్తోందంటే ఇంజన్ చలికి వణుకుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు గుమ్మరిస్తుంది.

సెన్సర్ సరిగ్గా ఉందని తేలాక బండి తీసి నడపండి. పది నిమిషాల్లో కూలెంట్ 80 దాటి, 80 నుంచి 95 మధ్య నిలబడాలి. హైవే మీద 80 వేగంతో పోతుంటే అది 60, 65కు జారిపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, లేదా అసలు లేదు.

లేకపోవడం అరుదేమీ కాదు. ఎప్పుడో బండి హీటెక్కినప్పుడు మన ఎండలకు ఇది అక్కర్లేదని వాల్వును తీసి పారేయడం షెడ్లలో ఏళ్లుగా నడుస్తోంది. ఇది పూర్తిగా తప్పు. బయట 42 డిగ్రీలున్నా ఇంజన్‌కు కావలసింది 80 పైన. వాల్వు లేకపోతే ఎదురుగాలికి రేడియేటరు దాన్ని 65 దాటనివ్వదు. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ మిశ్రమాన్ని చిక్కగా ఉంచుతుంది, పెట్రోలు చల్లటి సిలిండరు గోడల మీద తడిగా మిగిలి ఆయిల్లోకి దిగుతుంది, చిక్కటి ఆయిల్ రాపిడి పెంచుతుంది. ఒక్క చిన్న వాల్వు లేక మూడు వైపుల నష్టం. చాలా చిన్న కార్లలో ఉష్ణోగ్రత ముల్లు లేదు, ఎర్ర లైటు మాత్రమే ఉంటుంది. అందుకే బండి చల్లగా నడుస్తోందన్న సంగతి ఓనరుకు తెలిసే దారే లేదు. కొన్ని బండ్లలో ఇంజన్ తగినంత వేడెక్కట్లేదని చెప్పే పి0128 అనే కోడ్ వస్తుంది, కొన్నిట్లో రాదు.

స్కానరు లేకపోతే చేతితో చూడొచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, తిరిగే ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంటూ, థర్మోస్టాట్ ఉన్న వైపు రేడియేటరు గొట్టాన్ని మధ్యమధ్య తాకండి. ఎక్కువ ఇంజన్లలో అది పై గొట్టం, కొన్నిట్లో కింది గొట్టం. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే వాల్వు పనిచేస్తోంది. మొదటి నుంచీ కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతుంటే లేదు. విప్పిన వాల్వును గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచి చూడండి. దాని మీద ముద్రించిన 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. వేడి ఇంజన్ మీద రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కొత్త వాల్వుతో పాటు గ్యాస్కెట్ మార్చి, కూలెంట్ నింపి, గాలి బుడగలు తీయాలి.

ప్లగ్గులు, ఫిల్టరు, ఏసీ

ప్లగ్గులు విప్పినప్పుడు రంగు చూడండి. లేత గోధుమ రంగు సరైనది, పొడిమసి చిక్కటి మిశ్రమానికి గుర్తు. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండరు ఇంజెక్టర్‌నో కాయిల్‌నో చూడాలి, అన్నీ నల్లగా ఉంటే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో ఉంది. మామూలు నికెల్ ప్లగ్గులు 40 వేల కిలోమీటర్లకు దగ్గరైతే మార్చేయడమే నయం.

ఎయిర్ ఫిల్టరు మురికి మైలేజ్‌ను కార్బ్యురేటర్ రోజుల్లో బాగా దెబ్బతీసేది. ఇంజెక్షన్ ఇంజన్లలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది, పికప్ పోతుంది తప్ప మైలేజ్ అంతగా పోదు.

ఏసీ ఆపినా కంప్రెసర్ ముందు ప్లేటు తిరుగుతూనే ఉంటే దాని క్లచ్ అతుక్కుపోయింది. కండెన్సర్ జాలీలో పురుగులూ దుమ్మూ నిండితే కంప్రెసర్ ఎక్కువసేపు, ఎక్కువ భారంతో తిరుగుతుంది. లోపలి వైపు నుంచి బయటికి, సన్నటి ధారతో కడగండి. వాటర్ సర్వీసింగు గన్ను దగ్గర్నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇవేవీ దొరక్కపోతే చివరిది కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపే ఉండాలి. అంతకు మించితే తప్పు వాల్వులదా, రింగులదా, టైమింగుదా అని తేల్చుకోవాల్సిన పెద్ద పని అది.

బాగుచేశాక

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి చేయిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. కోడ్లు చెరిపినా, బ్యాటరీ తీసినా ట్రిమ్ సున్నాకు వెళ్లిపోతుంది, కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవడానికి 50 నుంచి 100 కిలోమీటర్లు ఇవ్వండి. ఆ తర్వాత మళ్లీ అదే బంకు, అదే పంపు, మొదటి టక్కు, 300 కిలోమీటర్లు, రెండు ట్యాంకులు. ట్రిమ్ అంకెలు, వేడెక్కాక కూలెంట్ ఉష్ణోగ్రత, టైరు గాలి, ఓడోమీటరు రీడింగు ఒక కాగితం మీద రాసి గ్లవ్‌బాక్సులో పెట్టుకోండి. ఈసారి మైలేజ్ తగ్గినప్పుడు షెడ్డు మేస్త్రీ ముందు పెట్టాల్సింది ఆ కాగితమే.